లెక్కలతో లోకం: ఆరు గుర్రాలు, ఒక సభ్యత్వ కార్డు

"300 రూపాయలు చెల్లించి సభ్యులుగా చేరండి. ఏడాది పొడవునా ప్రతి కొనుగోలుపై నూటికి 10 రూపాయల తగ్గింపు పొందండి."

ఇటువంటి ప్రకటనను చూడని గృహస్థు ఉండడు. పుస్తకాల దుకాణాలు, మందుల దుకాణాలు, బట్టల కొట్లు, పచారీ సామాన్లు ఇంటికి పంపే సంస్థలు అన్నీ పలికేది ఈ మాటే. అంకెలు మాత్రమే వేరు. ఇది వినగానే కొందరు "నూటికి పది అంటే మాటలా!" అని వెంటనే డబ్బు కట్టివేస్తారు. మరికొందరు "ఇందులో ఏదో కిటుకు ఉండే ఉంటుంది" అని ముఖం తిప్పుకుంటారు. ఈ ఇద్దరిలో ఎవరూ లెక్క వేయరు. ఇదే ప్రశ్న పాఠ్యపుస్తకంలో ఎదురైతే మన పిల్లలూ తడబడతారు. కూడికలు, తీసివేతలు, భాగహారాలు వచ్చిన పిల్లవాడు కూడా "ఎన్ని రూపాయల కొనుగోలు దాటితే సభ్యత్వం లాభం?" అని అడగగానే కలం ఆపివేస్తాడు. అతనికి రానిది గణన కాదు. మాటను సమీకరణంగా మార్చే విద్య. ఆ విద్యను గురించి, అది ఇంటి ఖర్చుకు అక్కరకు వచ్చే తీరును గురించి ఈసారి ముచ్చటించుకుందాం.

తెలియనిదానికి పేరు పెట్టడం

ఈ విద్య మన దేశానికి కొత్తది కాదు. భాస్కరాచార్యుడు 1114లో జన్మించి, 36వ ఏట, అనగా 1150లో, సిద్ధాంతశిరోమణిని రచించాడు. లీలావతి, బీజగణితం అందులోని భాగాలే. బీజగణితంలో ఆయన ఇచ్చిన లెక్క ఒకటి మన సభ్యత్వ కార్డుకు ముత్తాత వంటిది. దాని సారాంశం ఇది:

ఒకని వద్ద 300 రూపాయలు, 6 గుర్రాలు ఉన్నాయి. మరొకని వద్ద 10 గుర్రాలు ఉన్నాయి గాని, అతనికి 100 రూపాయల అప్పు ఉంది. గుర్రాలన్నిటి వెల సమానం. ఇద్దరి ఆస్తి కూడా సమానం. అయితే ఒక్కొక్క గుర్రం వెల ఎంత?

గుర్రం వెల తెలియదు. తెలియని దానితో లెక్క చేయడం ఎట్లా? ముందుగా దానికి ఒక పేరు పెట్టాలి. మన గణితజ్ఞులు పెట్టిన పేరు "యావత్తావత్". "ఎంతైతే అంత" అని దాని అర్థం. వ్రాసేటప్పుడు దానిని కుదించి "యా" అన్నారు. తెలిసిన సంఖ్యలను "రూపాలు" అన్నారు. వాటికి గుర్తు "రూ". తెలియని రాశులు ఒకటికి మించితే తరువాతి వాటికి కాలక, నీలక, పీతక అని రంగుల పేర్లు పెట్టారు. భాస్కరుడు ఈ లెక్కను రెండు వరుసలలో పెడతాడు:

యా 6 రూ 300
యా 10 రూ –100

(ఋణసంఖ్యను సూచించడానికి ఆయన అంకెపై చుక్క పెట్టేవాడు, ఇక్కడ మనకు అలవాటైన గీత పెట్టాము.) ఇక చేయవలసిన పని ఒక్కటే. గుర్రాలను గుర్రాలలో నుంచి, రూపాయలను రూపాయలలో నుంచి తీసివేయాలి. పది గుర్రాలలో ఆరు పోగా నాలుగు మిగిలాయి. 300 ఉన్నవానికీ, 100 అప్పు ఉన్నవానికీ మధ్య తేడా 400. అంటే రెండవవానికి అదనంగా ఉన్న నాలుగు గుర్రాలు, మొదటివానికి అదనంగా ఉన్న 400 రూపాయలకు సరి తూగుతున్నాయన్నమాట. కనుక గుర్రం వెల 100 రూపాయలు. సరిచూసుకుందాం: మొదటివాని ఆస్తి 600 + 300 = 900. రెండవవాని ఆస్తి 1,000 – 100 = 900. సరిపోయింది.

బేరసారాల లెక్కలు తెలుగువారికీ పాతవే. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. లెక్కను పద్యంగా చదువుకొని నేర్చిన సంప్రదాయం మనది. సమస్యను ముందు మాటగా అర్థం చేసుకొని, ఆ తరువాతనే అంకెల జోలికి పోవాలన్నది ఆ సంప్రదాయం నేర్పే పాఠం.

గుర్రాల నుంచి కార్డుకు

ఇప్పుడు మన ప్రకటనను చూద్దాం. ఇక్కడ తెలియనిది ఏది? ఏడాదిలో మనం కొనబోయే సరుకు మొత్తం వెల. ఏ వెల? దుకాణంలో చీటీపై వేసిన వెల, అనగా ప్రకటన వెల. దానిని "యా" అందాం.

సభ్యుడు కానివాడు చెల్లించేది: యా.
సభ్యుడు చెల్లించేది: రుసుము 300, దానికి తోడు ప్రకటన వెలలో నూటికి 90 వంతు. అనగా 300 + (90/100) యా.

ఈ రెండూ సమానమయ్యే చోటు మనకు కావాలి:

యా = 300 + (90/100) యా

యా నుంచి దానిలోని 90 వంతులు తీసివేస్తే 10 వంతులు మిగులుతాయి. (10/100) యా = 300. కనుక యా = 3,000.

ఏడాదికి 3,000 రూపాయల సరుకు కొనేవానికి సభ్యత్వం ఉన్నా, లేకున్నా ఒకటే. 2,000 రూపాయల సరుకు కొనేవాడు సభ్యుడైతే 300 + 1,800, అనగా 2,100 చెల్లిస్తాడు. 100 రూపాయలు నష్టం. 5,000 రూపాయల సరుకు కొనేవాడు 300 + 4,500, అనగా 4,800 చెల్లిస్తాడు. 200 రూపాయలు లాభం.

ఈ లెక్కను మరొక విధంగా కూడా చెప్పుకోవచ్చు. ఉన్నదానిని "ధనం" అని, అప్పును "ఋణం" అని బ్రహ్మగుప్తుడు 628లోనే వ్యవహరించి, వాటి కూడికకూ, తీసివేతకూ సూత్రాలు చెప్పాడు. ఆ భాషలో మాట్లాడితే, సభ్యుడు ఏడాదిని 300 రూపాయల ఋణంతో ప్రారంభిస్తాడు. నూరు రూపాయల సరుకు కొన్నప్పుడల్లా అందులో 10 రూపాయలు తీరుతాయి. ముప్పై నూర్లు కొంటే గాని అప్పు తీరదు. ఆ తరువాత వచ్చేదే లాభం. రుసుమును తగ్గింపు శాతంతో భాగించి నూటితో హెచ్చిస్తే చాలునన్న సులభసూత్రం ఇక్కడి నుంచే పుట్టింది.

పిల్లలు తప్పే మూడు చోట్లు

మొదటిది: "నూటికి 10 తగ్గింపు" అన్న మాట చూచి 300 + (10/100) యా అని వ్రాయడం. ఇది తగ్గిన మొత్తాన్ని, చెల్లించే మొత్తంగా పొరబడటం. పది తగ్గితే చెల్లించేది తొంభై. ఈ చిన్న అడుగును మనస్సులో దాటవేయక, కాగితంపై వ్రాయడం అలవాటు చేయాలి.

రెండవది: రుసుమునకు కూడా తగ్గింపు వర్తింపజేయడం. (300 + యా) అని కుండలీకరణం పెట్టి, మొత్తాన్ని 90/100తో హెచ్చిస్తే దుకాణదారు ఇవ్వని దానాన్ని మనమే లెక్కలో పుచ్చుకున్నట్లు అవుతుంది.

మూడవది అన్నిటికంటె సూక్ష్మమైనది: "యా" అంటే ఏమిటో వాక్యంలో వ్రాయకపోవడం. అది ప్రకటన వెలయా, చేతి నుంచి పోయిన సొమ్మా? ఈ రెండూ వేరు. ఒక గృహిణి "నేను ఏడాదికి 2,800 రూపాయలు ఖర్చు చేస్తాను" అన్నది అనుకుందాం. ఆమె ఇంకా సభ్యురాలు కాకపోతే, ఆ 2,800 ప్రకటన వెలే. సభ్యత్వం వల్ల 280 మిగిలి, 300 పోయి, 20 రూపాయలు నష్టం వస్తుంది. ఆమె ఇప్పటికే సభ్యురాలై, తగ్గింపు పోను చెల్లించిన మొత్తం 2,800 అయితే, ఆమె కొన్న సరుకు ప్రకటన వెల 3,111 రూపాయలు. సుమారు 11 రూపాయలు లాభమే. పలికిన అంకె ఒక్కటే, ఫలితాలు రెండు. లెక్క తప్పినప్పుడు గణనను తిట్టుకుంటాము గాని, చాలసార్లు దోషం ఉండేది "యా"కు చెప్పిన అర్థంలోనే.

సగం రోజు ఈత లేదు

సభ్యత్వం ఎప్పుడూ శాతాలలోనే ఉండదు. ఈతకొలనుకు సభ్యులు కానివారు వెళ్ళిన ప్రతిసారి 60 రూపాయలు, సభ్యులు ఏడాదికి 500 కట్టి వెళ్ళిన ప్రతిసారి 40 రూపాయలు చెల్లించాలి అనుకుందాం. ఇక్కడ తెలియనిది ఎన్నిసార్లు వెళతామన్న సంఖ్య.

60 యా = 500 + 40 యా

ఇరవై యా = 500; యా = 25. ఇరవై ఆరవసారి నుంచి లాభం. పోలిక చూశారా? అటు 60, ఇటు 40 అన్నవి గుర్రాల స్థానంలో ఉన్నాయి. 500 అన్నది రూపాల స్థానంలో ఉంది. భాస్కరుని లెక్కకు వేషం మాత్రమే మారింది.

రుసుము 510 అయితే జవాబు 25½ వస్తుంది. ఇరవై అయిదున్నరసార్లు ఈతకు ఎవరూ వెళ్ళరు. 25 సార్లు వెళితే సభ్యునికి 10 రూపాయలు నష్టం. 26 సార్లు వెళితే 10 రూపాయలు లాభం. కనుక జవాబు 26. సగానికి తక్కువైతే వదిలివేయాలి, ఎక్కువైతే పెంచాలి అన్న సూత్రం ఇక్కడ పనికిరాదు. జవాబు 25.2 వచ్చినా 26 అనే చెప్పాలి. సమీకరణం జవాబు ఇచ్చిన తరువాత కూడా అర్థం చేసుకొనే పని మిగిలే ఉంటుందని చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

వెండి కార్డు, బంగారు కార్డు

ఒకే దుకాణం రెండు రకాల సభ్యత్వాలను ఇవ్వడం ఇప్పుడు పరిపాటి. వెండి కార్డు: రుసుము 200, తగ్గింపు నూటికి 5. బంగారు కార్డు: రుసుము 500, తగ్గింపు నూటికి 12. మధ్యస్థంగా ఉంటుందని చాలమంది వెండి కార్డు తీసుకుంటారు. మధ్యేమార్గం మంచిదన్న నమ్మకం లెక్కల విషయంలో ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం.

ఏ కార్డూ లేకపోవడం, వెండి కార్డు సమానమయ్యేది: (5/100) యా = 200; యా = 4,000.
వెండి కార్డు, బంగారు కార్డు సమానమయ్యేది: 200 + (95/100) యా = 500 + (88/100) యా. అనగా (7/100) యా = 300; యా = సుమారు 4,286.

4,000 లోపు కొనేవారికి ఏ కార్డూ అక్కరలేదు. 4,286 దాటి కొనేవారికి బంగారు కార్డే మేలు. వెండి కార్డు నిజంగా అన్నిటికంటె చౌక అయ్యేది ఈ రెండింటి మధ్యనున్న 286 రూపాయల ఇరుకు సందులో మాత్రమే. ఆ సందులోనైనా లాభమెంత? 4,200 రూపాయల సరుకుకు కార్డు లేనివాడు 4,200, వెండి కార్డువాడు 4,190, బంగారు కార్డువాడు 4,196 చెల్లిస్తారు. మధ్య కార్డును ఎన్నుకున్న విజ్ఞతకు ప్రతిఫలం పది రూపాయలు! అన్ని దుకాణాలలోనూ మధ్య కార్డు ఇట్లాగే ఉంటుందని కాదు. అంకెలు మారితే సందు వెడల్పు కావచ్చు. అది ఎంత వెడల్పో తెలుసుకోకుండా "మధ్యది తీసుకుందాం" అనడం మాత్రం లెక్క కాదు.

గ్రాఫు కాగితం ఉన్నవారు ఈ మూడింటినీ మూడు గీతలుగా గీసి చూడండి. కార్డు లేని గీత మూలబిందువు నుంచి బయలుదేరి నిటారుగా పోతుంది. వెండి గీత 200 వద్ద మొదలై కొంచెం వాలుగా, బంగారు గీత 500 వద్ద మొదలై మరింత వాలుగా పోతాయి. ప్రతి చోటా అన్నిటికంటె కిందనున్న గీతే మనకు కావలసిన మార్గం.

తగ్గింపుపై తగ్గింపు

ఆషాఢమాసం వచ్చిందంటే బట్టల దుకాణాలలో నూటికి 20 తగ్గింపు అంటారు. దానిపై సభ్యులకు మరో 10 అంటారు. రెండూ కలిసి 30 అనుకోవడం సహజం; కాని 28 మాత్రమే. నూరు రూపాయల వస్త్రం ముందు 80 అవుతుంది. దానిలో పదో వంతు 8 పోగా 72 చెల్లిస్తాము. ముందు 10, తరువాత 20 తగ్గించినా 72 రూపాయలే. హెచ్చవేతకు వరుసతో పని లేదు కనుక శాతాలను ఏ వరుసలో తగ్గించినా ఒకటే.

తగ్గింపు శాతంలో కాక రూపాయలలో ఉంటే వరుస మారితే ఫలితం మారుతుంది. 1,000 రూపాయల సరుకుపై 100 రూపాయల కూపను, నూటికి 10 సభ్యత్వ తగ్గింపు ఉన్నాయి. ముందు కూపను తీసివేస్తే 900, దానిపై పది శాతం పోగా 810. ముందు పది శాతం తగ్గిస్తే 900, దానిలో కూపను పోగా 800. కొనేవాడికి కూపను చివర ఉండటమే మేలు.

సభ్యత్వం విలువ కూడా దీనితో మారుతుంది. మీరు బట్టలన్నీ నూటికి 20 తగ్గింపు ఉన్న రోజులలోనే కొంటారనుకోండి. అప్పుడు సభ్యత్వం వల్ల అదనంగా వచ్చేది ప్రకటన వెలలో నూటికి 10 కాదు, 8. కనుక 300 రూపాయల రుసుము తీరాలంటే 3,000 చాలదు. ప్రకటన వెల ప్రకారం 3,750 రూపాయల బట్టలు కొనాలి.

మరొక షరతు చిన్న అక్షరాలలో ఉంటుంది: "ఒక్కొక్క బిల్లుపై గరిష్ఠంగా 50 రూపాయల తగ్గింపు." అప్పుడు నూటికి 10 అన్న మాట 500 రూపాయల బిల్లు వరకే నిజం. 2,000 రూపాయల బిల్లుపై కూడా 50 రూపాయలే తగ్గుతాయి. అంటే నూటికి రెండున్నర. ఇక్కడ తెలియని రాశే మారిపోతుంది. ఎన్ని రూపాయలు కొన్నామన్నది కాదు, ఎన్ని బిల్లులు చేశామన్నది ప్రధానం. 300 తిరిగి రావాలంటే, 500కు తగ్గని బిల్లులు కనీసం ఆరు కావాలి.

రుసుము వేరు, ధరావతు వేరు

సభ్యత్వానికి కట్టే సొమ్ములన్నీ ఒక జాతివి కావు. 1844 డిసెంబరు 21న ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణంలో కొందరు శ్రామికులు తలా ఒక పౌను వేసుకొని సహకార దుకాణం తెరిచారు. ఆ పౌను రుసుము కాదు, వాటా. దుకాణం వెలలను తగ్గించలేదు. బజారు వెలకే అమ్మి, మిగులును సభ్యులకు వారి వారి కొనుగోళ్ళ నిష్పత్తిలో పంచింది. ఎక్కువ కొన్నవానికి ఎక్కువ, తక్కువ కొన్నవానికి తక్కువ. మన దేశంలో మదరాసులోని ట్రిప్లికేన్‌లో 1904లో స్థాపించిన పట్టణ సహకార సంఘం కూడా వినియోగదారుల సహకారోద్యమంలో తొలి తరానికి చెందినదే.

లెక్క రీత్యా ఈ భేదం పెద్దది. ఒక సంస్థ 1,000 రూపాయలు తీసుకొని నూటికి 8 తగ్గింపు ఇస్తున్నది అనుకుందాం. ఆ వెయ్యి తిరిగి రాని ఏడాది రుసుము అయితే, 12,500 రూపాయల సరుకు కొంటే గాని అది తీరదు. ఆ వెయ్యి ఎప్పుడు అడిగినా తిరిగి ఇచ్చే ధరావతు అయితే, మనం నిజంగా కోల్పోయేది దానిపై వచ్చే వడ్డీ మాత్రమే. నూటికి 6 వడ్డీ అనుకుంటే ఏడాదికి 60 రూపాయలు. 750 రూపాయల సరుకు కొంటే అది తీరిపోతుంది. కట్టిన సొమ్ము ఒక్కటే. ఒక చోట హద్దు 12,500, మరొక చోట 750. కాబట్టి డబ్బు చెల్లించేముందు అడగవలసిన మొదటి ప్రశ్న "ఎంత తగ్గిస్తారు?" అన్నది కాదు; "ఇది తిరిగి వస్తుందా?" అన్నది.

సమీకరణం చెప్పనిది

ఇంతవరకు వేసిన లెక్కలన్నీ ఒక హద్దును మాత్రమే చెబుతాయి. మనం ఆ హద్దుకు ఇవతల ఉన్నామా, అవతల ఉన్నామా అన్నది సమీకరణానికి తెలియదు. అది తెలిసినది ఇంటి పద్దు పుస్తకానికే. నిరుడు ఆ దుకాణంలో, ఏ తగ్గింపు ఆశా లేనప్పుడు, ఎంత కొన్నాము? ఆ అంకెను 3,000తో పోల్చి చూడాలి. సభ్యత్వం ఉంటే ఎంత కొంటామన్న ఊహను పోల్చరాదు. ఆ ఊహలో ప్రకటన ప్రభావం అప్పటికే చేరి ఉంటుంది.

ఇక్కడే అసలు ప్రమాదం ఉన్నది. ఒక కుటుంబం 300 కట్టి సభ్యత్వం తీసుకున్నది. ఏడాది చివరికి చూస్తే అవసరమైన కొనుగోళ్ళు 2,400 మాత్రమే అయ్యాయి. తగ్గింపు 240 వచ్చింది. ఇంకా 60 రూపాయలు రావాలి. "మరో 600 రూపాయలవి కొంటే మన డబ్బు మనకు వచ్చేస్తుంది" అని ఆ ఇంటివారు అనుకుంటారు. అవసరం లేని 600 రూపాయల సరుకును 540కి కొంటారు. 60 రూపాయలు రాబట్టడానికి 540 రూపాయలు పోయాయి! సభ్యత్వమే లేకుండా ఉంటే ఆ ఏటి ఖర్చు 2,400. ఇప్పుడు 300 + 2,700, అనగా 3,000. కాగితంపై నష్టం సున్న. పెట్టెలో నుంచి పోయినది మాత్రం 600.

ఈ పొరపాటును బీజగణితం ఒక్క వరుసలో పట్టి చూపుతుంది. రుసుము కట్టిన తరువాత మన ముందున్న మార్గాలు రెండు: ఇంకా కొనడం, కొనకపోవడం.

ఇంకా కొంటే చెల్లింపు: 300 + 2,160 + 540
కొనకపోతే చెల్లింపు: 300 + 2,160

రెండు పక్షాలలోనూ 300 ఉన్నది. రెండు పక్షాలలోనూ ఉన్న సమాన రాశిని తీసివేయవచ్చునన్నది మొట్టమొదట నేర్చే నియమం. తీసివేయగా 300 కనిపించకుండా పోయింది. ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే: ఈ వస్తువు మనకు 540 రూపాయల విలువ చేస్తుందా? చేస్తే కొనవచ్చు, లేకపోతే వద్దు. కట్టిన రుసుమునకు ఆ నిర్ణయంలో చోటు లేదు. "పోయిన డబ్బు రాబట్టుకోవాలి" అన్న ఆరాటాన్ని ఈ తీసివేత ఎంత సులువుగా తుడిచివేసిందో గమనించండి.

దుకాణదారు వైపు నుంచి కూడా ఒకసారి చూద్దాం. నూరు రూపాయల సరుకుపై అతనికి 25 రూపాయలు మిగులుతాయి అనుకుంటే, సభ్యునికి అమ్మినప్పుడు 15 మిగులుతాయి. 3,000 రూపాయల సరుకుపై సభ్యుని వల్ల 300 + 450 = 750; సభ్యుడు కానివాని వల్ల కూడా 750. సరిగ్గా మన హద్దు వద్దనే అతనికీ లాభనష్టాలు లేవు. మరి అతనికి ఈ పథకం దేనికి? రుసుము ముందుగా చేతికి వస్తుంది. హద్దు చేరనివారి రుసుములో కొంత అతనికే మిగిలిపోతుంది. హద్దు చేరడానికని అదనంగా కొనేవారు ఉంటారు. సభ్యుడు మరొక దుకాణం గడప తొక్కడానికి వెనుకాడుతాడు. ఇందులో మోసమేమీ లేదు. అది అతని లెక్క. మన లెక్క మనం వేసుకోకపోతే అతని లెక్కే మిగులుతుంది.

ఇటువంటి సమస్య పుస్తకంలో వచ్చినా, బజారులో వచ్చినా వరుసగా నాలుగు పనులు చేయాలి. ఒకటి, తెలియనిది ఏదో పూర్తి వాక్యంగా వ్రాయాలి. రెండు, ఒక్కొక్క మార్గంలో చెల్లించే మొత్తాన్ని విడివిడిగా వ్రాయాలి. ఒక్కసారి కట్టేది ఒక వైపు, కొన్న కొద్దీ పెరిగేది ఒక వైపు. మూడు, రెండింటినీ సమానం చేసి హద్దు కనుగొని, దానికి కొంచెం తక్కువ, కొంచెం ఎక్కువ అంకెలతో సరిచూడాలి. నాలుగు, ఆ హద్దును ఇంటి పద్దుతో పోల్చాలి. పిల్లలకు మొదటి మూడూ బడిలో నేర్పుతారు. నాలుగవది నేర్పవలసినది ఇంట్లోనే. నిరుటి బిల్లులు కొన్ని వారి చేతికి ఇచ్చి "ఈ కార్డు మనకు అవసరమా?" అని అడిగి చూడండి. తమ మాటపై ఇంటి డబ్బు ఆధారపడి ఉన్నదని తెలిసినప్పుడు పిల్లలు లెక్కను మరింత జాగ్రత్తగా చేస్తారు.

మీరే చేయండి

1. ఒక మందుల దుకాణంలో ఏడాది సభ్యత్వ రుసుము 180 రూపాయలు. తగ్గింపు నూటికి 12. ఒక కుటుంబం నెలకు 150 రూపాయల మందులు కొంటుంది. సభ్యత్వం లాభమా, నష్టమా? ఎంత?

2. వ్యాయామశాలలో సభ్యులు కానివారికి రోజుకు 50 రూపాయలు. సభ్యులు 450 కట్టి, రోజుకు 35 చెల్లించాలి. ఎన్ని రోజులకు రెండూ సమానం? 28 రోజులే వెళ్ళిన సభ్యునికి నష్టమెంత?

3. 250 రూపాయల రుసుము కట్టిన సభ్యుడు ఏడాదిలో 4,000 రూపాయల ప్రకటన వెల గల సరుకు కొన్నాడు. రుసుముతో కలిపి అతడు చెల్లించినది 3,850. తగ్గింపు నూటికి ఎంత?

4. ఒకరి వద్ద 3 పుస్తకాలు, 240 రూపాయలు ఉన్నాయి. మరొకరి వద్ద అటువంటివే 7 పుస్తకాలు ఉన్నాయి. 80 రూపాయల అప్పు ఉంది. ఇద్దరి ఆస్తి సమానం. పుస్తకం వెల ఎంత?

జవాబులు: 1. హద్దు 1,500, కుటుంబం కొనేది 1,800, లాభం 36 రూపాయలు. 2. 30 రోజులు, నష్టం 30 రూపాయలు. 3. నూటికి 10. 4. 80 రూపాయలు.